కల్లం లేని ఊళ్ళో కాపురం

జనగామకు వచ్చేనాటికి ఉప్పలయ్యకు యాభై ఏళ్ళు దాటాయి. అప్పటిదాకా ఆయన తన చేతి డబ్బుతో ఒక్క పూటకు కావలసిన సరుకు కూడా కొని ఎరగడు. తరిగొప్పుల అవతల ఒక ఊళ్ళో దొర గడీలో ఆయన జీతగాడు. పొద్దున పశువుల కొట్టం ఊడ్చాక ఇంత జొన్న గట్క పోసేవారు. చీకటి పడ్డాక దొరలు తినగా మిగిలింది పెట్టేవారు. ఏడాదికో గొంగడి, అది చిరిగితే తిట్లు. కరువు వచ్చిన ఏడు తండ్రి తెచ్చుకున్న జొన్నలకు బదులుగా చిన్నప్పుడే గడీ గడప తొక్కాడు. ఆ జొన్నల బాకీ ఆయన జుట్టు నెరిసేదాకా తీరలేదు. పెళ్ళాం ఆ ఊళ్ళోనే చలిజ్వరంతో పోయింది. పిల్లలు లేరు.

దొరలకు ఎదురు తిరిగిన సంఘం వచ్చిన ఏడు ఊరు ఊరంతా గడీ మీదికి పోయింది. దొర హైదరాబాదుకు పారిపోయాడు. ఉప్పలయ్యకు వాగు పక్కన ఎకరం నేల వచ్చింది. ఒక పంట తీశాడు. రెండో పంట కోతకు రాకముందే యూనియన్ మిలటరీ వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని అందరూ సంతోషపడ్డారు. ఆ మిలటరీ లారీల వెనకే దొర కూడా దిగాడు. నేల పోయింది. సంఘంలో తిరిగినవాళ్ళు కొందరు అడవికి, కొందరు జైలుకు పోయారు. ఉప్పలయ్య ఏ కమిటీలోనూ లేడు కనుక నాలుగు దెబ్బలు వేసి, మళ్ళీ కొట్టం ఊడవమన్నారు. ఆయన కొన్ని నెలలు ఊడ్చాడు. ఒకనాడు చీపురు గోడకు ఆనించి, గొంగడి భుజాన వేసుకుని, జనగామ దారి పట్టాడు. ఎందుకు వచ్చేశావని తర్వాత నేను అడిగితే, "చేత కాలే పిలగా. మల్ల చేత కాలే" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన నోట నేను వినలేదు. విముక్తి గురించి పుస్తకాల్లో నేను పెద్ద పెద్ద మాటలు చదివాను. వాటిలో ఒక్కదానిలోనూ గది కిరాయి ప్రస్తావన లేదు.

స్టేషన్ వెనక, గూడ్సు షెడ్డుకు కాస్త దూరంలో సాలమ్మ గదులు ఉండేవి. సాలమ్మ మొగుడు రైల్వేలో గ్యాంగుమన్‌గా చేస్తూ పట్టాల మీదే పోయాడు. ఆమె పాత స్లీపరు చెక్కలు నిలబెట్టి, తాటికమ్మ కప్పించి, గదులు కట్టుకుని కిరాయికి ఇచ్చేది. ఒక దానిలో నేను ఉండేవాణ్ణి. నూనె మిల్లులో ఆముదాల బస్తాలు తూచే పని నాది. పక్క గది వాన కురిస్తే కారేది, అందుకే ఖాళీగా ఉండేది. దాంట్లోకి ఉప్పలయ్య వచ్చాడు.

"కిరాయి ఎప్పుడిస్తవన్నా?" అని అడిగింది సాలమ్మ.

"పంట రానీ చెల్లె. కల్లం మీద ఇచ్చుకుంట."

"ఏం పంట? రైలు పట్టాల నడుమ ఏం పండుతది, కంకరా?"

"మరి?"

"నెల నెల ఇయ్యాలె. పైసల్."

"నెలకోపారి కల్లం ఏడయితదే?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపడి.

సాలమ్మ నా వైపు చూసింది. "ఏడ దొరికిండయ్యా ఈ మనిషి" అని గొణిగి, గది చూపించింది.

పని దొరకడం కష్టం కాలేదు. బస్తా ఎత్తే ఒడుపు ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. హమాలీల ముఠా మేస్త్రి శనివారం శనివారం కూలి పంచేవాడు. మొదటి శనివారం ఉప్పలయ్య కూలి మొత్తం పట్టుకుపోయి, దాదాపు అంతటికీ జొన్నలు కొన్నాడు. మిగిలిన నాలుగు పైసలు పెట్టి, ఆ జొన్నలు పోయడానికి పెద్ద కుండ కొన్నాడు. ఇంట్లో గింజలుంటే ఇక దేనికీ ఎదురు చూడనక్కర్లేదని ఆయన లెక్క. కుండ మూలన నిలబెట్టి నన్ను పిలిచాడు.

"చూడు పిలగా. గివన్ని నాయే."

"మరి కట్టెలేవి కాకా?"

ఆయన బయటికి చూశాడు. ఊళ్ళో అయితే పొద్దుగూకే వేళ కంచెలోకి పోయి తుమ్మ కొమ్మలు విరుచుకు రావచ్చు. ఇక్కడ ఉన్నది రైల్వేవాళ్ళ కంచె, విరిస్తే పోలీసులు పట్టుకుంటారు. కట్టెలు మండీలో కొనాలి. ఉప్పు కొనాలి, మిరపకాయ కొనాలి. దీపానికి గాసునూనె కావాలంటే కంట్రోలు దుకాణం ముందు సీసా పట్టుకుని నిలబడాలి. స్టేషన్ బావిలో నీళ్ళు మాత్రం ఊరికే వచ్చేవి, స్టేషన్ మాస్టరు చూడకపోతే.

ఆ వారం ఉప్పలయ్య నిండు కుండ పక్కన జొన్నలు నానబెట్టుకుని నమిలాడు. అది చూసి లింగ్యా పగిలిన పెట్టెల చెక్కలు ఒక మోపు తెచ్చి ఆయన గది ముందు పడేశాడు. లింగ్యా కూడా హమాలీయే. మానుకోట అవతల తండావాడు. అడవిలో ఉన్నవాళ్ళకు అన్నం పెడుతున్నారని మిలటరీవాళ్ళు ఆ తండాను కాలబెట్టి, జనాన్నంతా తెచ్చి ఒక క్యాంపులో కూడేశారు. అక్కడి నుంచి ఎట్లా బయటపడ్డాడో ఎవరం అడగలేదు.

"నీకంటె నేనే మంచిగుంటి కాకా" అన్నాడు లింగ్యా. "క్యాంపుల కిరాయి లేదు. కట్టెలకు పైసల్ లేవు. దీపం గుడ ఆళ్ళే పెడ్తరు, రాతిరంత పెద్దగ."

"మరెందుకొస్తివిరా?"

"ముండ్ల తీగ గుడ ముఫత్‌గనే కట్టిండ్రు. గది నచ్చలే."

మేమిద్దరం నవ్వాం. ఉప్పలయ్య నవ్వలేదు. "మా గడీల గుడ గంతే" అన్నాడు. "కట్టెలు కొట్టుడే గని, కట్టెలకు పైసలుంటయని నాకు ఎర్కనే లేదు."

తర్వాతి శనివారం ఆయన కూలి పట్టుకుని జొన్నల దుకాణం వైపు తిరుగుతుంటే సాలమ్మ అడ్డం నిలబడింది. గదికి వెనక్కి తీసుకొచ్చి, గడప మీద కూలి డబ్బులు పోయించింది. గ్యాంగుమన్ పెళ్ళాంగా ఆమె ఏళ్ళ తరబడి చేసిన పని అది. జీతం వచ్చిన రోజు, పొయ్యి ముట్టించకముందే, గడప మీద కుప్పలు పెట్టేది.

"కల్లం కల్లమని కొట్టుకుంటున్నవు గద. గిదే నీ కల్లం. వారం వారం అయితది. చెప్పు, కల్లంల ముందుగాల ఎవలికి కొలుస్తరు?"

"దొరకు."

"ఈడ దొర లేడు. ముందుగాల నాకు కొలువ్."

కిరాయి కుప్ప పక్కకు తీసింది. జొన్నలకు ఒక కుప్ప. కట్టెలకు, గాసునూనెకు ఒకటి. ఉప్పు, మిరపకాయ, చింతపండుకు ఒకటి. ఉప్పలయ్యకు డబ్బు లెక్క పెద్దగా రాదు. అందుకని నెత్తికి చుట్టుకునే రుమాలు విప్పి, ఒక్కో కుప్పను ఒక్కో కొసలో వేసి ముడి వేసింది. నాలుగు కొసలు, నాలుగు ముళ్ళు. ఆయన రుమాలు పట్టుకుని ఇంకా చూస్తున్నాడు.

"చెప్పుల వారు తెగిందే. దానికేది?"

"దానికి కొస లేదు. వట్టి కాళ్ళతోని నడువ్."

ఆ తర్వాత ఆయన ఏ దుకాణానికి పోయినా ఆ దుకాణం ముడి ఒక్కటే విప్పేవాడు. ఒకసారి గాసునూనె ధర పెరిగి, ముడిలో ఉన్నది చాలలేదు. దుకాణం నడిపే శ్రీపాల్ సేటు పక్క ముడి చూపించాడు.

"గండ్లకెళ్ళి తియ్యరాదు?"

"గది జొన్నలది సేటూ."

"పైసలకు గుడ కులముంటదా ఏంది?"

"ఉంటది" అని ఉప్పలయ్య సగం సీసాతోనే తిరిగి వచ్చాడు. ఆ వారం సగం రోజులు ఆయన గదిలో దీపం లేదు.

నాలుగైదు నెలలు అట్లా గడిచాయి. గది కారింది. జ్వరం వచ్చి పని పోయిన వారం కిరాయి ముడి సన్నబడింది. సాలమ్మ తిట్టింది, తిట్టి ఆగింది. ఒంటి మనిషి సంసారంలో తగ్గించుకోవడానికి ఇంకెవరి వంతూ ఉండదు. ఏది తగ్గినా ఆయన కడుపులోనే తగ్గాలి. జొన్నరొట్టె కాస్తా గట్క అయింది, గట్క పలచబడింది. నేను కూడా ఒంటివాణ్ణే, నాదీ అదే తిండి, కానీ నాకు కోపం ఉండేది. కోపం ఉన్నవాడికి ఆకలి కాస్త తక్కువగా తెలుస్తుంది. ఉప్పలయ్యకు ఎవరి మీదా కోపం వచ్చేది కాదు, ఊరికే అలిసిపోయేవాడు.

అయినా నెగ్గుకొచ్చేవాడే. కానీ సాలమ్మకు గానీ నాకు గానీ తెలియని లోటు ఒకటి అన్నాళ్ళూ లోపల పెరుగుతూ వచ్చింది.

స్టేషన్ బయట వేపచెట్టు కింద మొగుళ్ళపల్లి దిక్కు నుంచి వచ్చిన ఐలయ్య అనే మంగలి కూర్చునేవాడు. ఉప్పలయ్య వచ్చిన వారం నుంచే అతని దగ్గర గడ్డం చేయించుకుంటున్నాడు. చంద్రమ్మ అనే చాకలామె ఆయన పంచె, గొంగడి ఉతుకుతోంది. ఇద్దరికీ ఒక్క పైసా ఇవ్వలేదు. ఇవ్వాలని ఆయనకు తోచలేదు. ఊళ్ళో మంగలికి, చాకలికి, కుమ్మరికి ఎవరూ రోజువారీగా ఏమీ ఇవ్వరు. పంట కోసి కల్లంలో రాశి పోసిన రోజు, గింజలు ఇంటికి పోకముందే, తలా ఇన్ని చేటల గింజలు వాళ్ళకు కొలుస్తారు. ఉప్పలయ్య తల, ఉప్పలయ్య పంచె గడీ లెక్కలో పోయేవి. జనగామలో కూడా ఆయన పుట్టినప్పటి నుంచి విన్న మాటే అన్నాడు: "కల్లం కాడ చూసుకుందాం."

ఐలయ్య, చంద్రమ్మ ఆ మాటకు సంతోషపడ్డారు. ఆ ఏడు పైసలు పట్టుకుపోయినా దుకాణాల్లో కావలసినన్ని గింజలు దొరకడం లేదు. ఈ ముసలాయనకు ఊళ్ళో ఏదో పొలం ఉంది, గింజలు తెచ్చి పోస్తాడు అనుకున్నారు. అందుకే ఐలయ్య ఆయన్ని పీటేసి కూర్చోబెట్టి, మిగతావాళ్ళకంటే శ్రద్ధగా గీసేవాడు.

మార్గశిరంలో కోతలు అయిపోయాయి. ఒక ఆదివారం పొద్దున ఐలయ్య సంచి పట్టుకుని, చంద్రమ్మ గంప పట్టుకుని ఉప్పలయ్య గది ముందుకు వచ్చారు.

"ఏం మామా, కల్లమాయెనా?" అన్నాడు ఐలయ్య నవ్వుతూ.

"ఎవలిది?"

"నీదే. ఏ దిక్కుంది నీ పొలం?"

"నాకు పొలం ఏడిది ఐలయ్యా? ఇచ్చిండ్రు, మల్ల గుంజుకపోయిండ్రు."

ఐలయ్య నవ్వు అట్లాగే మొహం మీద ఉండిపోయింది. "మరి కల్లం కాడ ఇస్తనంటివి?"

"అంటి. అందరు గట్లనే అంటరు గద. నాకు బుద్ధి తెలిసిన కాణ్ణుంచి గదే అంటున్న."

"ఆడ ఇచ్చేదెవలు?"

"గడీ."

ఐలయ్య సంచి కింద వేసి దాని మీద కూర్చున్నాడు. చంద్రమ్మకు ముందు నవ్వు వచ్చింది, తర్వాత మండింది. "ఇన్ని నెలల సంది నీ పంచె నేను ఉతికితి. ఇప్పుడు గంప పట్టుకొని దొర ఇంటికి పోవాల్నా? అయ్యా, ఉప్పలయ్య మైల ఉతికిన, గింజలు పొయ్యుండ్రి అని?"

"నేను మోసం చెయ్యలే చెల్లె."

"చేసినా బాగుండు. తిట్టనీకె సులువుండు."

సాలమ్మ బయటికి వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకుంది. చివరికి వాళ్ళిద్దరికీ వారం వారం ఇంత అని ఒప్పుకున్నాడు. రుమాలుకు ఇంకో కొస లేదు కనుక కట్టెల ముడిలోనే వాళ్ళ డబ్బూ వేసి, గాసునూనె మానేశాడు. గడ్డం చేయించుకోవడం మానేశాడు. పంచె తనే స్టేషన్ బావి దగ్గర జాడించుకునేవాడు. గడ్డం పెరిగేసరికి స్టేషన్‌లో పోలీసు జవాను ఆపాడు. అడవిలో నుంచి వచ్చావా అని అడిగాడు. "లేదు సార్, మంగలికి బాకీ" అన్నాడు ఉప్పలయ్య. జవానుకు నవ్వు వచ్చింది కాబట్టి వదిలేశాడు.

జనవరిలో స్టేషన్ మీద జెండా ఎగరేసి పిప్పరమెంట్లు పంచారు. గణతంత్రం వచ్చిందని నేను చదివి చెప్పాను. ఉప్పలయ్య పిప్పరమెంటు చప్పరిస్తూ, "కిరాయిలు తగ్గుతయా మరి?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. 

ఆ నెలలోనే దొర లెక్కలు రాసే మున్షి ఆముదాలు రైలుకు ఎక్కించడానికి వచ్చాడు. బస్తా మోస్తున్న ఉప్పలయ్యను చూసి, "ఒరేయ్ ఉప్పలిగా" అని పిలిచాడు. ఉప్పలయ్య బస్తా దించి, చేతులు కట్టుకున్నాడు. ఆ చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి.

"గిదేం అవతారమురా? గడ్డమేంది, డొక్కలేంది? స్వరాజ్జెం గిట్లనే ఉంటదా?"

ఉప్పలయ్య దించిన బస్తా వైపు చూశాడు.

"మంగలోనికి బాకీ ఉన్నవట. ఊరంత నవ్వుతున్నది. నేను కడ్త. ఉగాదికి జీతం కొత్తగ కుదుర్చుకుందాం. ఒక్క బొటనేలు ముద్ర ఎయ్యి. రెండు పూటల గట్క, గొంగడి. పాత దెబ్బలు దొర మర్చిపోతడు, నువ్వు గుడ మర్చిపో."

"ఆలోచన చేసుకుంట అయ్యా" అన్నాడు ఉప్పలయ్య.

ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. పొద్దుగూకే వేళ ఆయన గదికి పోయి, నోటికి వచ్చిందల్లా అన్నాను. ఇంతమంది చచ్చింది నువ్వు మళ్ళీ పోయి ఆ కొట్టం ఊడవడానికా అన్నాను. నీ తండ్రి కూడా ఇట్లాగే మానెడు గింజల దగ్గరే మొదలుపెట్టాడు కదా అన్నాను. ఆయన గోడకు ఆనుకుని అంతా విన్నాడు.

"బస్తాలు బరువు కాదు పిలగా" అన్నాడు. "బస్తా దించినంక దిగుతది. ఈ లెక్క దిగుతలేదు. పండుకున్నా నెత్తిల తిరుగుతనే ఉంటది. ఉప్పు కొంటె కట్టెలు లేవు, కట్టెలు కొంటె కిరాయి లేదు. గడీల తన్నులే గని గీ లొల్లి లేకుండె. పొద్దంత చాకిరి చేసి పంటె, మల్ల తన్ని లేపేదాక ఎర్క లేకుండె."

"అయితే పోతవా?"

"ఏమో. అలుపొస్తున్నది."

నేను లేచి వచ్చేశాను. ఆయన పోతాడనే అనుకున్నాను. సాలమ్మ కూడా అదే అనుకుని, ఆ గదికి కొత్తవాళ్ళు దొరుకుతారా అని మేస్త్రిని అడిగి వచ్చింది. ఎవరూ దొరకలేదు.

ఆయన అవునని గానీ కాదని గానీ చెప్పకుండానే ఫాల్గుణం వచ్చింది. మున్షి ఆగలేదు. ఉగాది దగ్గర పడుతుంటే ఒక శనివారం సాయంత్రం ఎడ్లబండి తోలించుకుని నేరుగా సాలమ్మ గదుల ముందుకే వచ్చాడు. హమాలీలు కూలి తీసుకుని అప్పుడే వస్తున్నారు. లింగ్యా ఉన్నాడు, నేను ఉన్నాను. మున్షి వెనక ఐలయ్య తల దించుకుని నిలబడ్డాడు.

"నడువ్‌రా" అన్నాడు మున్షి. "మంగలోని బాకీ కట్టిన. చాకల్దాని బాకీ కట్టిన. ఇగ నువ్వు బాకీ ఉన్నది దొరకు. బండెక్కు."

ఉప్పలయ్య ఐలయ్య వైపు చూశాడు.

"పిల్లలున్నరు మామా" అన్నాడు ఐలయ్య. "ఇంట్ల గింజలు లేవు. ఇస్తుంటె తీసుకున్న."

"తీసుకుంటివా? మంచిగైంది. నీది నీకొచ్చె."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. మున్షి జేబులో నుంచి డబ్బు తీసి సాలమ్మ ముందు పట్టాడు. "నీ కిరాయి ఎంతనో చెప్పు. గది గుడ తీరిపోతది."

వారం వారం తగ్గిన కిరాయి అంతా కలిపి సాలమ్మకు మూడు నెలలది రావాలి. ఆమె ఆ డబ్బు వైపు చూసింది. చాలాసేపే చూసింది. "నా కిరాయి ఆయన ఇస్తడు. ఇయ్యకపోతే గల్ల పట్టి అడుగుత" అంది. "ఆయనను నువ్వు తోలుకపోతె, గీ కారే గదిల ఎవడుంటడు, నువ్వుంటవా?"

హమాలీలు నవ్వారు. మున్షి మొహం ఎర్రబడింది. "ఏమంటవురా?" అన్నాడు ఉప్పలయ్యతో. "మాటొస్తలేదా?"

ఉప్పలయ్య గడప మీద కూర్చున్నాడు. రుమాలు తీసి, ఆ వారం కూలి గడప మీద పోశాడు. ఎప్పటిలాగే కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు. కిరాయి. జొన్నలు. కట్టెలు. ఉప్పు, మిరపకాయ. తొందర పడలేదు. మున్షి నిలబడే ఉన్నాడు, బండివాడు కూడా దిగి చూస్తున్నాడు. కట్టెల కుప్పలో నుంచి కొన్ని పైసలు విడిగా తీసి, మున్షి వైపు జరిపాడు.

"గివేందిరా?"

"ఐలయ్యకు, చంద్రమ్మకు వారం వారం గివే ఇస్తుంటి. ఆళ్ళ బాకీ నువ్వు కడితివి. ఇగ నీకిస్త."

"దొర బాకీ వారానికి గిన్ని పైసల లెక్కన తీరుస్తవా?"

"దొరది కాదయ్యా. మంగలిది, చాకలిది." ఉప్పలయ్య కూర్చునే మాట్లాడుతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు. "ఐలయ్య బాకీకి పైసలడిగె గని, మనిషినైతె అడగకపాయె. నువ్వు తీర్చింది గా బాకీయే. నేను ముద్రెయ్యలే. నిన్ను తీర్చుమనలే. తీర్చినవు గనుక ఇస్తున్న."

"మిలటరీ క్యాంపుల చెప్తెరా? సంఘపోడివి, అడివిల నుంచి వచ్చినవు, గడ్డం పెంచినవు అని చెప్తె?"

"చెప్పుండ్రి మున్షి సాబ్" అన్నాడు లింగ్యా వెనక నుంచి. "బాకీ కట్టేటోన్ని గుడ పట్టుకపోతరంటె, క్యాంపుల మస్తు జాగ కావాలె. నేను చూసొచ్చిన, గంత జాగ లేదు."

ఈసారి బండివాడు కూడా నవ్వాడు. మున్షి ఆ పైసల వైపు చూశాడు. వాటిని తీసుకోవాలంటే వంగాలి. ఆయన వంగలేదు. "చస్తవురా ఈడనే" అని బండెక్కాడు. ఎడ్లు మండీ వైపు తిరిగాయి.

ఎవరూ సంబరపడలేదు. ఆ మాటతో మున్షి ఊరుకుంటాడని ఎవరికీ నమ్మకం లేదు. ఉప్పలయ్య ఆ పైసలు ఏరుకుని లేచాడు. గూడ్సు షెడ్డు పక్కన దొర ఆముదాలు అమ్మే కమీషన్ దుకాణానికి పోయి, మున్షికి ఇవ్వమని, అక్కడ ఉన్న నలుగురి ముందు పెట్టి వచ్చాడు. దుకాణంవాడు పైసలను పైసలుగానే చూసి గల్లాలో వేసుకున్నాడు. ప్రతి శనివారం అట్లాగే పెట్టి రావడం ఆయనకు అలవాటైంది. ఎన్ని నెలలు పట్టిందో నాకు తెలియదు. నేను ఆ వానాకాలంలోనే మిల్లులో మేనేజరుతో గొడవపడి తొర్రూరు వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం ఆయన కమీషన్ దుకాణం నుంచి తిరిగి వచ్చేసరికి ఐలయ్య మంగలి పొదితో గది ముందు కూర్చుని ఉన్నాడు.

"కూసో మామా, గడ్డం గీస్త. పైసలొద్దు. పోలీసులు చూస్తె బాగుండదు."

ఉప్పలయ్య గడ్డం నిమురుకున్నాడు. చేయించుకోవాలనే ఉంది, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఇయ్యాల వద్దు ఐలయ్యా. పైసలున్ననాడు నేనే వస్త."

"పైసలొద్దంటున్న గద."

"నువ్వు వద్దంటవు. నేను యాది పెట్టుకోవాలె. మస్తున్నయి యాది పెట్టుకునేటియి."

ఐలయ్య పొది చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాలమ్మ వచ్చి కిరాయి పైసలు తీసుకుంది. గాసునూనెకు ఏమైనా మిగిలిందా అని అడిగింది. లేదన్నాడు. ఆమె తన గదిలోకి పోయింది. ఉప్పలయ్య చెక్కముక్కలు రాజేసి ఇంత గట్క వండుకున్నాడు. నిలబడే తాగాడు. కుండ కడిగి బోర్లించాడు. దీపం లేదు కనుక, ఇంకా వెలుతురు ఉండగానే గొంగడి పరుచుకుని పడుకున్నాడు.